ఇంటివాడైన సత్యాన్వేషి

1993లో మా ఇంట్లో టీవీ లేదు. తెనాలిలో మేం అద్దెకున్న ఇంటి ఓనరు గారి ముందు గదిలో ఉండేది. దూరదర్శన్‌లో బెంగాలీ డిటెక్టివ్ కథల హిందీ సీరియల్ బ్యోమకేశ్ బక్షి వచ్చే రోజు మా నానమ్మ పెందలాడే అన్నం తినేసి, చాప చంకన పెట్టుకుని అందరికంటే ముందు వెళ్లి కూర్చునేది. ఆవిడకు హిందీ ఒక్క ముక్క రాదు. అమ్మ పెళ్లికి ముందు దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు రాసింది, రాష్ట్రభాష దాకా పాసయింది. అందుకని పక్కన కూర్చుని చెవిలో చెప్పే పని అమ్మది. బ్యోమకేశ్ వేషం వేసిన రజిత్ కపూర్ ఒక మాట అనడం, అమ్మ దాన్ని తెలుగులో చెప్పేలోపు తర్వాతి రెండు మాటలు దాటిపోవడం. సగం కథే అందేది నానమ్మకు.

ఆ సగంతోనే తేల్చేసేది. ఒక వారం కరాళీబాబు అనే ముసలాయన కథ వచ్చింది. డబ్బున్నవాడు, పిల్లల్లేరు. చేరదీసిన బంధువుల పిల్లలతోనే ఇల్లు నిండి ఉంటుంది. ఎవరి మీద కోపమొస్తే వాళ్ల పేరు కొట్టేసి వీలునామా తిరగరాస్తుంటాడు. ఒక రోజు పొద్దున్న పక్క మీద చచ్చిపడి ఉంటాడు. అమ్మ ఇంకా మొదటి సీనే చెప్తుండగా నానమ్మ అంది: "ఆ కుర్రాళ్లలో ఎవడో నేను చెప్పలేను గానీ అమ్మాయ్, చంపింది మాత్రం ఆ కాయితమే. మాటిమాటికీ మారుస్తున్నాడంటే తన చావు తనే రాసుకుంటున్నట్టు."

కథ పేరు 'అర్థమనర్థం' అని చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు. భజగోవిందంలో మాట. "అర్థమనర్థం భావయ నిత్యం" అని రోజూ పొద్దున్నే చదువుకునే నానమ్మకు ఆ కథ పేరు ఎవరూ చెప్పలేదు, కానీ కథలో ఉన్నదేమిటో ఆవిడ పట్టుకుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, బ్యోమకేశ్ గురించి ఎవరు రాసినా మొదటి వాక్యంలోనే "భారతదేశపు షెర్లాక్ హోమ్స్" అని రాస్తారు. గౌరవంగానే అంటారు. నాకు మాత్రం ఆ మాట విన్న ప్రతిసారీ కష్టంగా ఉంటుంది. ఆ పోలిక ఒప్పుకుంటే ఈ కథలు ఎందుకు నిలబడ్డాయో మనకు ఎప్పటికీ తెలియదు. తొంభై ఏళ్లు దాటినా బెంగాల్లో ఇంకా చదువుతున్నారు, ఇంకా సినిమాలు తీస్తున్నారు. హంతకుడెవరో ముందే తెలిసిన కథను మళ్లీ మళ్లీ ఎందుకు చదువుతారు? పజిల్ కోసమైతే చదవరు. పజిల్ ఒకసారి విడిపోతే అయిపోయినట్టే.

నిజం చెప్పాలంటే ఈ కథల్లో పజిల్ చాలా చోట్ల గొప్పగా ఉండదు కూడా. బ్యోమకేశ్‌ను సృష్టించిన శరదిందు బంద్యోపాధ్యాయ 1932లో అతని మీద మొదట రాసిన కథ 'పథేర్ కాంటా'. అందులో నడిరోడ్డు మీద మనుషులు ఉన్నట్టుండి కూలిపోతుంటారు, గుండెలో గ్రామఫోన్ పిన్ను దిగి ఉంటుంది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందంటే సైకిలు గంటలోంచి! చిన్నప్పుడు నోరు తెరుచుకుని చూశాను. ఇప్పుడు చదివితే రచయిత కొత్త, ఇంగ్లీషు కథల ప్రభావం ఇంకా పోలేదు అనిపిస్తుంది. విషం పూసిన అగ్గిపుల్లలు, సాలీడు రసం, ఇలాంటివి మొదటి కథల్లో చాలా ఉన్నాయి. సరదాగానే ఉంటాయి. కానీ నన్ను మళ్లీ మళ్లీ ఆ పుస్తకాల దగ్గరకు తీసుకెళ్లేవి అవి కావు.

బ్యోమకేశ్‌కు డిటెక్టివ్ అనే మాట నచ్చదు. గూఢచారి లాంటి మాటలూ నచ్చవు. కలకత్తా హ్యారిసన్ రోడ్డులో అతను అద్దెకున్న ఇంటి తలుపు మీద ఇత్తడి పలక ఉంటుంది: పేరు, కింద 'సత్యాన్వేషి'. అంతే. 2015లో హిందీలో పెద్ద సినిమా తీసినప్పుడు పేరుకు ముందు డిటెక్టివ్ అనే మాటే పెట్టారు. యుద్ధకాలపు కలకత్తాను కళ్లకు కట్టినట్టు చూపించారు, కష్టపడి తీశారు, అది ఒప్పుకుంటాను. కానీ పాత్ర ఏ మాట వద్దన్నాడో ఆ మాటతోనే పిలవడం నాకు బాధ అనిపించింది. సత్యాన్వేషి అనేది అలంకారానికి పెట్టుకున్న బిరుదు కాదు. మొత్తం 32 కథలు, పూర్తికాని ఒక కథ ఆ ఒక్క మాట మీదే నడుస్తాయి.

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో 'ఆదిమ రిపు' అనే కథలో కాస్త తెలుస్తుంది. బ్యోమకేశ్ అక్కడ మొదటిసారి తన తల్లిదండ్రుల గురించి చెప్తాడు. తండ్రి స్కూల్లో లెక్కల మాస్టారు, ఇంట్లో సాంఖ్య తత్వశాస్త్రం చదువుకునేవాడు. తల్లి వైష్ణవుల ఇంటి ఆడపడుచు. అతనికి పదిహేడేళ్లప్పుడు ఇద్దరూ క్షయతో పోయారు. లెక్క ఒకవైపు, భక్తి ఒకవైపు, తర్వాత అనాథ బతుకు. ఇంత వివరం అప్పటిదాకా ఎందుకు దాచాడో తెలియదు గానీ, అది చదివాక ఆ మనిషి మీద నాకున్న అభిప్రాయమే మారిపోయింది. నిజం తెలుసుకోవడం అతనికి తెలివితేటల ప్రదర్శన కాదు, ఇంట్లో నేర్చుకున్న అలవాటు.

పేరు కూడా చూడండి. బెంగాలీలో 'వ' పలకదు కాబట్టి బ్యోమకేశ్ అయ్యాడు, మన పలుకుబడిలో వ్యోమకేశుడు, శివుడి పేరు. మనం ఈ కథల పేర్లు అనువాదం లేకుండానే చదువుకోవచ్చు: అర్థమనర్థం, అగ్నిబాణం, ఉపసంహారం, ఆదిమ రిపు, వహ్ని పతంగం, దుష్టచక్రం, వేణీసంహారం. అరిషడ్వర్గాలు అంటే ఏమిటో తెలిసిన మనిషికి 'ఆదిమ రిపు' అనగానే హత్యకు కారణం కామం అని సగం తెలిసిపోతుంది. అయినా చదువుతాం. పేరులోనే కారణం చెప్పేసే డిటెక్టివ్ కథలు ఇంకెక్కడైనా ఉన్నాయా? రచయితకు తన పాఠకుడి మీద ఎంత నమ్మకం ఉండాలి!

ఇక ఇంటి సంగతి.

రాసిన వరసలో కాకపోయినా, బ్యోమకేశ్ జీవితంలో మొదటిదైన 'సత్యాన్వేషి' కథ మెస్సులో జరుగుతుంది. మనకు మెస్సంటే భోజనం పెట్టే చోటు. కలకత్తా మెస్సులో గది, తిండి రెండూ ఉంటాయి. ఊళ్ల నుంచి వచ్చిన గుమాస్తాలు, ఉద్యోగస్తులు, చదువుకునేవాళ్లు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయేవాళ్లు. శరదిందు పెరిగింది బీహార్‌లోని ముంగేర్‌లో, చదువుకు కలకత్తా వచ్చాడు, ఆ జీవితం అతనికి బాగా తెలుసు. కథలో ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల కుర్రాడొకడు మారుపేరుతో వచ్చి గది అడుగుతాడు. ఖాళీ లేదు. అజిత్ అనే రచయిత జాలిపడి తన గదిలో చోటిస్తాడు. ఆ కుర్రాడే బ్యోమకేశ్. అప్పుడు కలిసిన ఇద్దరూ ఇక విడిపోలేదు. తర్వాత అజిత్ వెళ్లి బ్యోమకేశ్ ఇంట్లో చేరతాడు. పనిమనిషి పుంటిరామ్ టీ పెడతాడు, వీళ్లిద్దరూ పేపర్ చదువుతూ కూర్చుంటారు.

ఇక్కడిదాకా హోమ్స్, వాట్సన్‌లానే ఉంది. తేడా 1933లో వచ్చింది, మా నానమ్మ తేల్చేసిన ఆ వీలునామా కథలోనే. కరాళీబాబు చేరదీసిన కుర్రాళ్లలో పోలీసులు పట్టుకెళ్లిన సుకుమార్ చెల్లెలు సత్యవతి బ్యోమకేశ్ దగ్గరకొచ్చి అన్నను కాపాడమని అడుగుతుంది. ఆమె గొప్ప అందగత్తె అని శరదిందు రాయలేదు. చామనఛాయ, సన్నటి మనిషి. కేసు తేలాక బ్యోమకేశ్ ఆమెను పెళ్లి చేసుకుంటాడు.

వాట్సన్ పెళ్లి చేసుకుని వెళ్లిపోయినా హోమ్స్ అలాగే ఉంటాడు. బేకర్ స్ట్రీట్ గది మారదు, వయోలిన్ మారదు. కానన్ డాయల్ 4 నవలలు, 56 కథలు రాస్తే వాటిలో హోమ్స్ ఎవరి ఇంటి మనిషీ కాలేదు. ఇక్కడ డిటెక్టివ్ పెళ్లి చేసుకుంటాడు, స్నేహితుడు బ్రహ్మచారిగా వాళ్లతోనే ఉండిపోతాడు. కొడుకు పుడతాడు. సత్యవతి, అజిత్ మాటామాటా అనుకుంటుంటారు. అజిత్ పుస్తకాల ప్రచురణ వ్యాపారంలో దిగుతాడు. చివరికి అద్దె ఇల్లు వదిలి దక్షిణ కలకత్తాలోని కేయాతలాలో సొంత ఇల్లు కట్టుకుంటారు. పెళ్లయినవాణ్ణి మనం 'ఇంటివాడయ్యాడు' అంటాం. డిటెక్టివ్ కథల్లో ఇంటివాడైన మనిషి నాకు తెలిసి బ్యోమకేశ్ ఒక్కడే అనను, కానీ ఇంటివాడు కావడం వల్లే మెరుగైన డిటెక్టివ్ ఇతనే అని మాత్రం గట్టిగా అంటాను.

ఎందుకో చెప్తాను. ఈ కథల్లో హత్యలు దాదాపు అన్నీ ఇంట్లోంచే పుడతాయి. ఆస్తి, దత్తత, రెండో పెళ్లి, చెప్పుకోలేని ప్రేమ, ఒకరి మీద ఆధారపడి బతకాల్సి రావడం. బూడిద చూసి చుట్ట ఏ రకమో చెప్పే తెలివి ఇక్కడ పనికిరాదు. ఇంట్లో ఎవరు ఎవరికి అన్నం పెడుతున్నారు, ఎవరు ఎవరితో మాట్లాడ్డం మానేశారు, తాళాలు ఎవరి దగ్గరున్నాయి, ఇవి కనిపెట్టాలి. మా నానమ్మకు హిందీ రాకుండానే కథ అర్థమైంది ఇందువల్లే. ఆవిడ ముప్పై మంది ఉన్న ఉమ్మడి కుటుంబంలో కాపురం చేసింది. టీవీలో జరుగుతున్నది ఆవిడకు కొత్తేం కాదు.

1936 తర్వాత శరదిందు పదిహేనేళ్లు బ్యోమకేశ్‌ను ముట్టుకోలేదు. 1938లో బొంబాయి వెళ్లి సినిమాలకు రాశాడు. 1951లో మళ్లీ మొదలుపెట్టిన కథ 'చిత్రచోర్'. ఇంత గ్యాప్ తర్వాత హీరోను మళ్లీ తెస్తే మామూలుగా ఎలా తెస్తారు? ఏ ఘోర హత్యతోనో, ఏ సాహసంతోనో తెస్తారు. శరదిందు మంచం మీద తెచ్చాడు. జబ్బు చేసి లేచిన బ్యోమకేశ్ గాలి మార్పు కోసం చిన్న ఊరికి వస్తాడు, సత్యవతి పథ్యం పెట్టి కదలనివ్వదు, అతను చిన్నపిల్లాడిలా అలుగుతాడు. ఆ ఊళ్లో పోయింది కూడా ఏ వజ్రాల హారమో కాదు. పదిమంది కలిసి దిగిన గ్రూపు ఫోటో. ఫోటో దొంగిలించి ఎవరైనా ఏం చేసుకుంటారు? ఆ చిన్న ప్రశ్న నుంచే కథంతా లాగుతాడు. నన్నడిగితే మొదటిసారి చదివేవాళ్లు సైకిలు గంటతో కాకుండా ఈ ఫోటోతో మొదలుపెట్టాలి.

1952 నుంచి శరదిందు పుణెలో స్థిరపడ్డాడు. 1970లో పోయేదాకా అక్కడే. అంటే మనం చదివే ఆ కలకత్తా సందులు, ఆ ట్రాములు, ఆ వర్షం చాలావరకు పుణెలో కూర్చుని గుర్తు తెచ్చుకుంటూ రాసినవే. ఊరు వదిలి వచ్చి ఇన్నేళ్లయిన నాకు ఆ సంగతి తెలిశాక ఆ వర్ణనలు ఇంకో రకంగా కనిపించాయి.

చివరి రోజుల కథ 'శజారుర్ కాంటా', 1967. అంటే ఏదుపంది ముల్లు. రాత్రిళ్లు ఫుట్‌పాత్ మీద పడుకున్న బిచ్చగాణ్ణి ఎవరో వీపులోంచి ఏదుముల్లు గుచ్చి చంపుతారు. తర్వాత ఒక కూలీ, తర్వాత ఒక దుకాణదారు. సినిమావాళ్లకు ఇచ్చి చూడండి, ఆ హత్యలతోనే మొత్తం నింపేస్తారు. శరదిందు ఎక్కువ పేజీలు ఖర్చుపెట్టింది ఒక కొత్త జంట మీద. పెద్దలు ఇష్టం లేని పెళ్లి చేస్తే, నాకు వేరొకరి మీద మనసుందని ఆ అమ్మాయి మొదటి రాత్రే చెప్పేస్తుంది. భర్త గొడవ చేయడు. లోకం కోసం ఒక ఇంట్లో ఉందాం అంటాడు. నెలల తరబడి ఇద్దరూ పరాయివాళ్లలా ఒక కప్పు కింద బతుకుతారు. ఆ మౌనంలోంచి మెల్లగా ఏదో మొలుస్తుంది. ఆ ఇంటికీ ఫుట్‌పాత్ మీద శవాలకూ సంబంధమేమిటో బ్యోమకేశ్ చెప్పేసరికి మనకు హంతకుడి మీద కంటే ఆ ఇద్దరి మీదే ధ్యాస ఉంటుంది. హంతకుడెవరో తెలిసి కూడా నేను ఆ కథను నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారా లేదా అనే టెన్షన్‌తోనే చదివాను.

నాకు అసంతృప్తి కలిగించేదీ ఒకటుంది. సత్యవతి. అన్న కోసం ముక్కూమొహం తెలియని మనిషి గుమ్మం ఎక్కిన ధైర్యవంతురాలు. పెళ్లయ్యాక ఆమెకు దక్కింది ఎక్కువగా వంటిల్లు, టీ, మందలింపులు. ఆమె చూసే చూపును కేసుల్లో ఇంకా వాడుకుని ఉండాల్సింది. ఇంటి గుట్టు మీదే ఇన్ని కథలు రాసిన మనిషి, ఇంటిని అందరికంటే బాగా ఎరిగిన ఆమెను పక్కన పెట్టడం నాకు అర్థం కాదు. చివరి కథల్లో అజిత్‌ను కూడా కథకుడి స్థానం నుంచి తప్పించాడు. ఆ స్థానం సత్యవతికి ఇచ్చి ఉంటే! తలుచుకున్నప్పుడల్లా మనసు ఉసూరుమంటుంది.

మన తెలుగులో డిటెక్టివ్ సాహిత్యానికి బెంగాల్‌తో పాత బంధమే ఉంది. బ్యోమకేశ్ పుట్టకముందే బెంగాలీ డిటెక్టివ్ రచయిత పాంచ్‌కడీ దే నవలలు తెలుగులోకి వచ్చాయి. తర్వాత కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు మన ఇళ్లలో తిరిగారు. యుగంధర్ పుస్తకం అద్దెకు తెచ్చుకుని ఒక్క రాత్రిలో చదివేసి పొద్దున్నే తిరిగిచ్చిన తరం మా నాన్నది. ఆ వేగం, ఆ ఉత్కంఠ నాకూ ఇష్టమే. కానీ యుగంధర్ ఇంటికి ఏం కూరలు వచ్చాయో నాకెప్పుడూ తెలుసుకోవాలనిపించలేదు. బ్యోమకేశ్ ఇంట్లో ఏం జరుగుతోందో తెలియకపోతే మాత్రం నాకు వెలితిగా ఉంటుంది.

ఇక సత్యం దొరికాక ఏం చేయాలి అనే ప్రశ్న. నాకు ఈ కథల్లో అన్నిటికంటే విలువైనది ఇదే. హోమ్స్ కూడా కొందరు నేరస్థుల్ని వదిలేశాడు కదా అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. నిజమే, నీలిరంగు మణి కథలో క్రిస్మస్ రోజుల్లో దొంగను క్షమించి పంపేస్తాడు. అక్కడ హోమ్స్ పెద్దమనసు చూపించాడు, కథ సుఖంగా ముగిసింది. బ్యోమకేశ్ వదిలేసినప్పుడు అంత సుఖం ఉండదు.

'ఆదిమ రిపు' మళ్లీ గుర్తు చేసుకోండి. 1946. కలకత్తాలో హిందూ ముస్లిం అల్లర్లు. వీధిలోకి వెళ్లినవాడు తిరిగొస్తాడో లేదో తెలియదు, రోజూ పదులకొద్దీ శవాలు. అలాంటి ఊళ్లో, యుద్ధకాలంలో బ్లాక్ మార్కెట్లో సంపాదించిన అనాది హాల్దార్ అనే ఒకే ఒక్క మనిషిని ఎవరు చంపారని వెతకడం ఏమిటి? ఆ ప్రశ్న కథ పొడుగునా మనల్ని వెంటాడుతుంది. బ్యోమకేశ్ వెతుకుతాడు. 1947 ఆగస్టులో స్వాతంత్ర్యం వస్తున్న వేళకు నిజం తేలుతుంది. హంతకుడెవరో తెలుసు, ఎందుకు చంపాడో తెలుసు. పోలీసులకు పట్టివ్వడు. చచ్చినవాడు దాచిన నల్లడబ్బు నోట్ల కట్టలు చేతికి దొరుకుతాయి. వాటిని కాల్చేస్తాడు.

అది సరైన పనేనా? చట్టం ప్రకారం కాదు. నేను చదివిన ప్రతిసారీ నా జవాబు మారుతుంటుంది. ఊరంతా హంతకులైనచోట ఒక్కణ్ణి ఉరితీస్తే న్యాయం జరిగినట్టా అని ఒకసారి అనిపిస్తుంది. అలా అనుకుంటూ పోతే ఎవరి ప్రాణానికీ విలువుండదు కదా అని ఇంకోసారి. బ్యోమకేశ్ మనకు ఉపన్యాసం ఇవ్వడు. కాలిన నోట్ల బూడిద మాత్రం మిగులుతుంది.

ఈ కథను నేను ఇంగ్లీషు అనువాదంలో చదివి, ఒక సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు నానమ్మకు తెలుగులో చెప్పాను. అప్పటికి ఆవిడకు చూపు బాగా తగ్గింది. కరెంటు పోయిన సాయంత్రం, వరండాలో మంచం మీద పడుకుని మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయకుండా వింది. ఈసారి ముందుగా ఏమీ తేల్చలేదు. నోట్లు కాల్చేశాడని చెప్పి ఆపాను. చాలాసేపు పలకలేదు, నిద్రపోయిందేమో అనుకున్నాను.

"డబ్బు కాల్చాడు, బాగానే ఉంది" అంది చివరికి. "ఆ చంపిన పిల్లాడు ఆ తర్వాత ఏ ఊళ్లో ఉన్నాడు? వాడికి రాత్రిళ్లు నిద్ర పట్టిందంటావా?"